కంప్లీట్ బ్లడ్ పిక్చర్

సినిమా పిచ్చి నాకు మా అవ్వ నుంచి వచ్చింది. 1981లో 'ప్రేమాభిషేకం' వచ్చేనాటికి ఆమె పెళ్లికాని పిల్ల. కొండగట్టు కింద మా ఊరి నుంచి జగిత్యాల పదిహేను కిలోమీటర్లు. నలుగురు ఆడపిల్లలు ఇంట్లో చెప్పకుండా బస్సెక్కి మ్యాట్నీకి పోయారట. కేన్సర్ వచ్చిన అక్కినేని తన జబ్బు దాచిపెట్టి, ప్రేమించిన శ్రీదేవి మనసు విరవటానికి చెడ్డవాడిలా నటిస్తుంటే హాల్లో వెక్కి వెక్కి ఏడ్చిందట. ఇంటికొచ్చాక తన్నులు తిని మళ్లీ ఏడ్చిందట. ఆ రెండు ఏడుపుల గురించీ ఇప్పటికీ సంబరంగానే చెప్తుంది!

నా వంతుకు 'గీతాంజలి' (1989), 'మాతృదేవోభవ' (1993) వచ్చాయి. వీటిని ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. చూసి చూసి, ఈ జబ్బు గురించి నాకంతా తెలుసనుకున్నాను. ముందు కాస్త దగ్గు వస్తుంది. రుమాలు మీద ఎర్రచుక్క కనిపిస్తుంది. డాక్టరుగారు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటారు. తర్వాత ఓ విషాద గీతం, ఆ తర్వాత శుభం కార్డు. అంతే!

2022 డిసెంబరులో స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో పెద్ద రేగుపండంత గడ్డ చేతికి తగిలింది. అప్పుడు నాకు ముప్ఫై తొమ్మిదేళ్లు. ఇంట్లో కుట్టుమిషన్ పెట్టుకుని జాకెట్లు కుడతాను. మా ఆయనకు గుట్ట కింద కొబ్బరికాయల దుకాణం ఉంది. పరీక్షలన్నీ అయ్యాక హైదరాబాద్‌లో డాక్టరమ్మ కేన్సర్ అని చెప్పింది. ఆమె కళ్లద్దాలు తీయలేదు. వెనకాల వీణ మోగలేదు. బయట ఎవరో "నలభై రెండో నెంబరు!" అని కేకేస్తున్నారు. ముందు మందు ఎక్కించి గడ్డను చిన్నది చేస్తామనీ, తర్వాత ఆపరేషన్, ఆ పైన కరెంటు వైద్యం అనీ వివరంగా చెప్పింది. చివర్లో ఒక చీటీ రాసిచ్చింది.

"మందు ఎక్కించుకోవటానికి వచ్చే ప్రతిసారీ సి.బి.పి. చేయించుకు రావాలమ్మా."

"అంటే ఏంది మేడం?"

"కంప్లీట్ బ్లడ్ పిక్చర్."

అంత దుఃఖంలోనూ నాకు నవ్వాగలేదు. ఇన్ని పిక్చర్లు చూసినదాన్ని, చివరికి నా నెత్తురు పిక్చర్ కూడా చూడాల్సి వచ్చింది కదా అని!

పాఠక మిత్రులారా, ఆ పిక్చర్ కథే ఇది. కేన్సర్ కథ మీరు తెర మీద చాలాసార్లు చూశారు. ఈ పిక్చర్ మటుకు ఎవరూ తీయలేదు.

ముగ్గురు నటులు

ఈ పిక్చర్‌లో ముఖ్యపాత్రలు మూడు. ఎర్రకణాలు ఊపిరి మోస్తాయి. తెల్లకణాలు కాపలా కాస్తాయి. ప్లేట్‌లెట్లు గాయమైన చోట నెత్తురు కారిపోకుండా అడ్డుపడతాయి. ముగ్గురూ తయారయ్యే స్టూడియో ఒకటే, ఎముకల్లోని మజ్జ. అక్కడ రాత్రీ పగలూ షూటింగే.

కేన్సర్ మందుకు ఒక గుణం ఉంది. వేగంగా పెరిగే కణం ఏదైతే దాన్ని కొడుతుంది. గడ్డలోని కణాలు వేగంగా పెరుగుతాయి కనుక చస్తాయి. వెంట్రుకల కుదుళ్లు, నోటి లోపలి పొర, ఎముకల్లోని మజ్జ కూడా వేగంగా పెరిగేవే. అంచేత విలన్‌తో పాటు వీటికీ దెబ్బలు తగులుతాయి. అసలు ఈ మందుల పుట్టుకే చిత్రమైనది. మొదటి ప్రపంచయుద్ధంలో ఆవపిండి వాయువు పీల్చిన సైనికుల నెత్తురులో తెల్లకణాలు పడిపోవటం డాక్టర్లు గమనించారు. ఆ విషానికి చుట్టమైన రసాయనాన్నే 1942లో అమెరికాలో ఒక కేన్సర్ రోగికి మందుగా ఎక్కించి చూశారు. నాకిచ్చిన రెండు మందుల్లో ఒకటి ఆ వంశంలోదే! అంటే తెల్లకణాలు తగ్గటమన్నది ఈ మందు చరిత్రలో మొదటి సీనన్నమాట. అన్నట్టు, ఈ చరిత్రలో మన తెలుగువాడి పాత్ర కూడా ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో నడిపించిన పరిశోధనల నుంచే మెథోట్రెక్సేట్ అనే మందు వచ్చింది. 1970ల నాటికి రొమ్ము కేన్సర్‌కు ఇచ్చిన మందుల జట్టులో అదీ ఒకటి.

ముగ్గురు నటుల్లో ముందు పడిపోయేది తెల్లకణమే. ఎందుకంటే దాని ఆయుష్షు తక్కువ. ఎర్రకణం సుమారు నూట ఇరవై రోజులు బతుకుతుంది. ప్లేట్‌లెట్ వారం పదిరోజులు ఉంటుంది. తెల్లకణాల్లో అసలు సిపాయిలైన న్యూట్రోఫిల్స్ నెత్తురులో ఒక రోజు కూడా సరిగా నిలవవు. స్టూడియో నాలుగు రోజులు మూతపడితే చాలు, కాపలావాళ్లు ఖాళీ!

మందు ఎక్కించిన ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా లెక్క అట్టడుగున ఉంటుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. మూడో వారంలో మళ్లీ పైకి లేస్తుంది. మామూలుగా తెల్లకణాలు నాలుగు వేల నుంచి పదకొండు వేలు ఉండాలి. కానీ ఆ మొత్తం అంకె చూసి మురిసిపోకూడదట. అందులో న్యూట్రోఫిల్స్ నూటికి ఎన్నో చూసి లెక్క కట్టాలి. అవి పదిహేను వందల కంటే తగ్గితే జాగ్రత్తపడాలి. అయిదు వందల కంటే తగ్గితే ప్రమాదం. పదో తరగతి చదివే మా బిడ్డ ఈ లెక్క నా కంటే ముందు నేర్చుకుంది. వంటింట్లో వేలాడే క్యాలెండర్ మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో నా పది రోజులు చుట్టి పెట్టేది.

ఆ పది రోజులూ నాకు అజ్ఞాతవాసం. పెళ్లిళ్లు వద్దు, సంత వద్దు, బస్సు వద్దు, గుడి వద్దు. సినిమా హాలు అసలే వద్దు! ఇంట్లో వేడివేడిగా వండినదే తినాలి. కోసి అమ్మే పండ్లు తినకూడదు. మెత్తని బ్రష్షు వాడాలి, ఉప్పునీళ్లు పుక్కిలించాలి. మిషన్ మీద కుట్టేదాన్ని కదా, వేలికి సూది గుచ్చుకున్నా ముప్పే. అందుకని ఆ పది రోజులు మిషన్ మీద దుప్పటి కప్పేసేవాళ్లం. గుట్ట కింద ఊళ్లకు ఇంకో బెడద ఉంది, కోతులు. అవి గీరితే మామూలు మనిషికే సూదులు వేయించాలి. నా సంగతి చెప్పాలా? మా ఆయన కిటికీలన్నిటికీ వల కొట్టించాడు.

మేం చేసిన తప్పు

డాక్టరమ్మ చెప్పిన మాటల్లో అన్నిటికంటే పెద్దది ఒకటే: "జ్వరం 100.4 దాటిందంటే అర్ధరాత్రి అయినా సరే ఆసుపత్రికి రావాలి. ఇంట్లో గోలీ వేసుకుని తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు."

మేం సరిగ్గా అదే చేశాం.

మొదటి మందు 2023 ఫిబ్రవరి 27న ఎక్కించారు. ఒళ్లంతా నీరసం, రెండు వారాలకు జుట్టు రాలిపోవటం తప్ప పెద్ద కష్టమేమీ కాలేదు. జుట్టు పోయిన రోజు మా బిడ్డ ఫోన్‌లో హంసానందిని ఫోటో చూపించింది. 'ఈగ', 'మిర్చి' సినిమాల్లో చూశాం కదా, ఆ హంసానందినే. తనకు రొమ్ము కేన్సర్ వచ్చిందనీ, తొమ్మిదిసార్లు మందు ఎక్కించుకున్నాననీ, ఇంకా ఏడుసార్లు ఉందనీ 2021 డిసెంబరులో గుండు ఫోటోతో సహా లోకానికి చెప్పింది. సరిగ్గా ఏడాదికి మళ్లీ మేకప్ వేసుకుని షూటింగ్‌కు వెళ్లింది. మన గౌతమి సంగతీ అంతే. ముప్ఫై అయిదేళ్ల వయసులో గడ్డను తానే కనిపెట్టి వైద్యం చేయించుకుంది. 2016లో 'మనమంతా'లో ఆమెను చూసినప్పుడు ఆ సంగతి ఎవరికి గుర్తుంది? "వాళ్లు హీరోయిన్లు గదనే" అన్నాను. "నీక్కూడా అదే మందు ఎక్కిస్తున్నరు గదమ్మా" అంది బిడ్డ. అదే మందో కాదో నాకు తెలియదు గానీ ఆ మాట నన్ను నిలబెట్టింది.

రెండో మందు మార్చి 20న. పదో రోజు రాత్రి రెండింటికి చలి పుట్టి మెలకువ వచ్చింది. థర్మామీటరు 100.8 చూపించింది. మా ఆయన పాపం, చేతికందిన జ్వరం గోలీ వేసి దుప్పటి కప్పాడు. గంటలో జ్వరం దిగింది. హమ్మయ్య అనుకుని పడుకున్నాం. తెల్లారేసరికి పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. పక్క ఊళ్లో సూదిమందు వేసే ఆయనను పిలిస్తే నోరు చూసి, గొంతు చూసి, "ఎక్కడా ఎరుపు లేదు, చీము లేదు. ఇది వట్టి వైరల్" అన్నాడు.

ఆ మాట ఎంత తప్పో తర్వాత తెలిసింది. గాయం ఎర్రబడాలన్నా, చీము పట్టాలన్నా తెల్లకణాలే కదా పోరాడాలి. సిపాయిలే లేని ఊళ్లో యుద్ధం చప్పుడు ఎక్కడిది? దొంగ తీరిగ్గా ఇల్లు దోచుకుంటుంటే బయటికి వినపడే కేక ఒక్కటే, జ్వరం. మేం గోలీ వేసి ఆ కేక నోరు నొక్కేశాం!

కరీంనగర్ తీసుకుపోయేసరికి జ్వరం 102 మీద ఉంది, బి.పి. పడిపోయింది. తెల్లకణాలు మొత్తం తొమ్మిది వందలు. న్యూట్రోఫిల్స్ నూటికి ఇరవై. మా బిడ్డ గుమ్మం దగ్గరే లెక్క కట్టింది: "నూట ఎనభై." ఆ అంకె చెప్తున్నప్పుడు దాని గొంతు వణికింది. పరీక్షల ఫలితాల కోసం ఆగకుండా వెంటనే సెలైన్‌లో యాంటీబయాటిక్స్ మొదలుపెట్టారు. అయిదు రోజులు ఒంటరి గదిలో ఉన్నాను. "ఇంకో అయిదారు గంటలు ఆలస్యమైతే..." అని అక్కడి డాక్టరు వాక్యం పూర్తి చేయలేదు. సినిమాల్లో ఆ వాక్యాన్ని పూర్తి చేస్తారు. నిజంగా విన్నప్పుడు, సగంలో ఆపితేనే ఎక్కువ భయం వేస్తుంది.

తర్వాత మూడో మందుకు ఏప్రిల్ 10న హైదరాబాద్ పోయాం. సి.బి.పి.లో న్యూట్రోఫిల్స్ తొమ్మిది వందలే. మందు ఎక్కించలేదు, వారం ఆగి రమ్మన్నారు. రెండు వందల కిలోమీటర్లు పోయి ఉత్త చేతులతో తిరుగు బస్సెక్కటం... పరీక్ష తప్పిన పిల్లలాగా దారంతా ఏడ్చాను. "వారం ఆగటం ఓడిపోవటం కాదమ్మా" అని చెప్పింది డాక్టరమ్మ. ఆ మాట తలకెక్కటానికి నాకు ఇంకా చాలా రోజులు పట్టింది.

ఈలోపు ఊళ్లో వాళ్లంతా డాక్టర్లే! ఒకరు బొప్పాయి ఆకు రసం తెచ్చారు. ఒకరు మేక కార్జం, ఇంకొకరు బీట్‌రూట్. దానిమ్మకాయలతో గంప నిండింది. బాగా ఉడికించినవైతే తినవచ్చు, బలానికి మంచివే, పచ్చి ఆకు రసం మటుకు వద్దు, తెల్లకణాలను పెంచే కూర ఏదీ లేదు అని డాక్టరమ్మ తేల్చి చెప్పింది. వాటిని పెంచేది ఒక ఇంజెక్షన్. మందు ఎక్కించిన మర్నాడు వేస్తారు. అది మజ్జను తట్టిలేపి కొత్త సిపాయిలను తయారు చేయిస్తుంది. 1991లో అమెరికాలో అనుమతి వచ్చిన ఈ మందును తర్వాత హైదరాబాద్‌లోనే డాక్టర్ రెడ్డీస్ వాళ్లు తయారుచేయటం మొదలుపెట్టారు. దాన్ని చల్లగా ఉంచాలి, అలాగని గడ్డకట్టనీయకూడదు. థర్మాస్‌లో ఐసు మధ్య పెట్టుకుని తెచ్చి మా దుకాణంలో కూల్‌డ్రింకుల పెట్టెలో దాచాం. అది వేసుకున్న రెండు రోజులు నడుములో, తొడ ఎముకల్లో రోకలితో దంచినట్టు నొప్పి. "నొప్పి పుడుతోందంటే స్టూడియోలో షూటింగ్ మొదలైందన్నమాట" అనేది మా బిడ్డ.

మిద్దె మీద 'బలగం'

2023 మార్చిలో 'బలగం' వచ్చింది. మన పక్క సిరిసిల్ల పల్లెల్లో తీసిన సినిమా. మన మాట, మన చావు, మన పిట్టకు పెట్టుడు. వేణు యెల్దండి తీశాడు. ఊరూరా తెర కట్టి అందరూ కలిసి చూస్తున్నారని పేపర్ల నిండా వార్తలు. మా ఊళ్లోనూ పంచాయతీ దగ్గర తెర కట్టారు. సరిగ్గా నా ఎర్ర గీతల పది రోజుల్లో!

నేను పుట్టి బుద్ధెరిగాక మా ఊళ్లో నేను లేకుండా సినిమా ఆడలేదు. ఆ రోజు పొద్దంతా ఎవరితో మాట్లాడలేదు. చీకటి పడ్డాక మా తమ్ముడు వచ్చి, ఏమీ అనకుండా మిద్దె మీదికి కుర్చీ మోసుకుపోయాడు. మిద్దె అంచు నుంచి తెర ఏటవాలుగా కనిపిస్తుంది. మూతికి మాస్కు కట్టుకుని, దుప్పటి కప్పుకుని ఒక్కదాన్నే కూచున్నాను. బొమ్మ సగమే కనిపించింది. మాట మాత్రం గాలికి బాగానే వచ్చింది.

పెట్టిన కూడు కాకి ముట్టకుండా ఎగిరిపోయినప్పుడు కింద ఊరంతా ఏడ్వటం వినిపించింది. వంద గొంతులు ఒక్కసారి ఏడిస్తే ఎట్లా ఉంటుందో హాల్లో కూచుంటే తెలియదు. నేనూ ఏడ్చాను. సినిమాకు ఏడ్చానో, అందరిలో కలిసి ఏడ్వలేకపోయినందుకు ఏడ్చానో ఇప్పటికీ తెలియదు. కాసేపటికి చూస్తే మా బిడ్డ మిద్దె మీదికి వచ్చి, నాకు రెండు బారల దూరంలో గోడకానుకుని కూచుని ఉంది. కింద దోస్తులందరినీ వదిలేసి వచ్చింది. దగ్గరికి రమ్మంటే, "మందిల కూసోని వచ్చిన, వద్దు" అంది. సినిమా అయిపోయేదాకా ఆ రెండు బారలు అట్లాగే ఉంచింది.

అవ్వ మొక్కు

కొండగట్టు అంజన్నకు రెండు జయంతులు. చైత్ర పున్నమికి చిన్న జయంతి, వైశాఖ బహుళ దశమికి పెద్ద జయంతి. పెద్ద జయంతికి కాషాయం కట్టుకున్న మాలధారులతో గుట్ట నిండిపోతుంది. లక్షల మంది వచ్చి కోనేట్లో మునిగి, తలనీలాలు ఇచ్చి, మాల తీస్తారు. గుట్ట కింది ఊళ్లకు ఏడాది బతుకుదెరువు ఆ నాలుగు రోజులే.

నా జబ్బు తెలిసిన రోజే మా అవ్వ మొక్కుకుంది: పెద్ద జయంతికి బిడ్డను కోనేట్లో తానం చేయించి దర్శనానికి తీసుకొస్తానని. ఆ ఏడు పెద్ద జయంతి మే 14న వచ్చింది. నా నాలుగో మందు మే 8న. క్యాలెండర్ మీద ఎర్రగీత సరిగ్గా జయంతి మర్నాటి నుంచి మొదలు!

"అవ్వా, డాక్టరమ్మ వద్దన్నది" అన్నాను.

"దేవుని కాడికి పోనీకి డాక్టరమ్మ సెలవేందే? ఇన్నేండ్లు ఆయన కొబ్బరికాయలు అమ్ముకొని బతికినం. గిప్పుడు మొక్కు తప్పుతమా?"

"తప్పుడు కాదవ్వా, ఆగుడు. ఆ కోనేట్ల లక్షమంది మునుగుతరు."

"నువ్వు సచ్చిపోతవేమోనని మొక్కిన్నే నేను!" అని అరిచింది అవ్వ. ఇంట్లో ఎవరూ ఆ మాట అంతదాకా నోటితో అనలేదు. అన్నాక ఆమే కొంగు నోట్లో కుక్కుకుంది.

మా బిడ్డ లేచి, కరీంనగర్ ఆసుపత్రి కాగితం తెచ్చి ఆమె ముందు పెట్టింది. అవ్వకు చదువు రాదు. "గీ అంకె చూడమ్మమ్మా. నూట ఎనభై. మందిల పోతే మళ్ల గిట్లనే అయితది." అవ్వ ఆ కాగితాన్ని తిరగేసి మరగేసి చూసి మడిచి రొండిన దోపుకుని వెళ్లిపోయింది. నాకు కోపం, అపరాధం రెండూ కలిసి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నా మొండితనం వల్ల మొక్కు తప్పి, రేపు ఏదైనా జరిగితే అవ్వ ఆ బరువు ఎట్లా మోస్తుంది? పోనీ ఆమె కోసం వెళ్లి, మళ్లీ ఆ ఒంటరి గదిలో పడితే నా బిడ్డ ఏం కావాలి?

జయంతి నాడు పొద్దున్నే అవ్వ ఒక్కతే గుట్టెక్కింది. మధ్యాహ్నం మా వాకిట్లో నిలబడి పిలిచింది. కిటికీ వలలోంచి చూశాను. అవ్వ తల నున్నగా గుండు!

"నీ ఎంటికలు మందుకు పోయె. ఆయనకియ్యనీకి నీ కాడ ఏమున్నయి? నాయి ఇచ్చిన. లెక్క సరిపోయింది. నువ్వు బాగైనంక నడిచి రా అన్నడు."

తలుపు తీయబోయాను. "తియ్యకు!" అంది గట్టిగా. "మందిల తిరిగొచ్చిన. నాకు దగ్గు వస్తదో ఏమో, నాలుగొద్దులు దుకాణంల పంటా." అన్నట్టుగానే నాలుగు రాత్రులు కొబ్బరిపీచు మూటల పక్కనే పడుకుంది. ప్రసాదం గడప దాటనీయలేదు.

నా జీవితంలో నన్ను ప్రేమించినవాళ్లంతా దగ్గరికి వచ్చినవాళ్లే అనుకునేదాన్ని. ఆ వేసవిలో దూరంగా ఉండి ప్రేమించినవాళ్లను చూశాను.

పాలు కాదు, నెత్తురు

నాలుగు పెద్ద మందుల తర్వాత వారం వారం ఇంకో మందు, పన్నెండుసార్లు. ఆ మందుతో తెల్లకణాలు అంతగా పడలేదు కానీ, నెలల తరబడి దెబ్బలు తిన్న ఎర్రకణాల వంతు వచ్చింది. జూన్ చివరికి హిమోగ్లోబిన్ 6.8కి దిగింది. ఆడవాళ్లకు పన్నెండు ఉండాలి. బావి దగ్గరికి నడిచినా గుండె దడదడ. రెండు సీసాల నెత్తురు ఎక్కించాలన్నారు.

నాకు నెత్తురు ఇచ్చింది, నాకెక్కించిన దానికి బదులుగా ఇచ్చింది మా ఊరి కుర్రాళ్లిద్దరు. ఇద్దరూ ఇద్దరు హీరోల అభిమానులు. పోస్టర్ల దగ్గర కొట్టుకుని ఒకసారి పోలీసు స్టేషన్ దాకా పోయారు. బ్లడ్ బ్యాంకులో పక్కపక్క మంచాల మీద పడుకుని, "మావోని సినిమాకే ఎక్కువ కలెక్షన్" అని అక్కడా వాదన! నాకెక్కింది ఏ హీరో అభిమాని నెత్తురో తెలియదు. ఎవరిదైతేనేం, సాయంత్రానికి నా పెదాలకు రంగొచ్చింది.

మిత్రులారా, ఇక్కడ ఒక్క మాట. 1998 అక్టోబరు 2న చిరంజీవిగారు బ్లడ్ బ్యాంకు పెట్టి అభిమానులను నెత్తురు ఇవ్వమన్నప్పటి నుంచి మనకు ఈ దారి తెలుసు. ఎర్రకణాలు ఫ్రిజ్‌లో నెలా పదిరోజుల దాకా నిలవ ఉంటాయి గానీ, ప్లేట్‌లెట్లు అయిదు రోజులకు మించి ఉండవు. అంటే హీరో పుట్టినరోజున ఇచ్చిన నెత్తురుతో ఏడాదంతా గడవదు. మామూలు మంగళవారం నాడు కూడా ఎవరో ఒకరు ఇవ్వాలి. పద్దెనిమిదేళ్లు నిండి, నలభై అయిదు కిలోలు దాటి, ఒంట్లో నెత్తురు బాగుంటే మగపిల్లలు మూడు నెలలకు, ఆడపిల్లలు నాలుగు నెలలకు ఒకసారి ఇవ్వవచ్చు. కటౌట్‌కు పోసిన పాలు కాలవలో పోతాయి. ఇది నాలాంటిదాని పెదాల మీదికి వస్తుంది.

ఇంకొకటి. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఇట్లాంటి మనిషి ఉంటే, మీకు జలుబు చేసినప్పుడు చూడ్డానికి వెళ్లకండి. ఫోన్ చేయండి. సినిమా కథ చెప్పండి. నాకు ఆ ఏడాది విడుదలైన సినిమాలన్నీ మా తమ్ముడు ఫోన్‌లో చెప్పిన కథలే. ఫైట్లతో సహా!

శుభం కార్డు ఎక్కడ?

ఆగస్టు ఆఖరుకు మందులు అయిపోయాయి. తర్వాత ఆపరేషన్, డిసెంబరుకల్లా కరెంటు వైద్యం కూడా పూర్తయ్యాయి. తల మీద నువ్వుగింజలంత జుట్టు మొలిచింది. ఊళ్లో అందరూ "అయిపాయె గద, మంచిగైతివి" అన్నారు. నేనూ శుభం కార్డు కోసమే చూశాను.

2024 జనవరి మొదటివారంలో సి.బి.పి.: తెల్లకణాలు 3,100. మందు ఆగి నాలుగు నెలలైనా ఇదేమిటి? ఆ కాగితం చేతిలో పట్టుకుని, జబ్బు మొదటిసారి తెలిసిన రోజు కంటే ఎక్కువ భయపడ్డాను. వైద్యం జరిగినన్నాళ్లూ పోరాడుతున్నామన్న ధైర్యం ఉండేది. అయిపోయాక వచ్చే భయానికి చేతిలో ఆయుధం ఉండదు.

డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. మజ్జ అలిసిపోయింది, కొందరికి నెలలు, ఇంకొందరికి అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. ఒక్క అంకె చూసి బెంబేలు పడకూడదు. వరసగా అంకెలు ఎటు పోతున్నాయో చూడాలి. కొంతమందికి, చాలా అరుదుగా, ఈ మందుల వల్లే తర్వాతెప్పుడో మజ్జకు జబ్బు వస్తుంది. అందుకే అంకెలు దిగుతూ పోతున్నా, ముగ్గురు నటులూ కలిసి పడిపోతున్నా ఊరుకోకుండా మజ్జను పరీక్షించాలి. ఇనుము, బి12 తగ్గాయేమో కూడా చూడాలి. నాకు ఇనుము తక్కువగా ఉందని తేలింది, గోలీలు ఇచ్చారు. మూడు నెలలకొకసారి పిక్చర్ చూపించమన్నారు.

"సినిమాకు పోవచ్చా మేడం?" అని అడిగాను.

ఆమె కాగితం మళ్లీ చూసింది. "న్యూట్రోఫిల్స్ పదిహేడు వందలు ఉన్నాయి. జనం లేని ఆటకు పోండి. మాస్కు పెట్టుకోండి."

ఆ సంక్రాంతికి ఏ సినిమా వచ్చిందో గుర్తుందా? 'హను-మాన్'! కొండగట్టు కింద పుట్టినదానికి తిరిగి హాల్లో అడుగుపెట్టటానికి ఇంతకంటే ఏం కావాలి? మొదటి వారం జాతరంట. నేను ఆగాను. ఆగటం నాకిప్పుడు బాగా వచ్చు. నాలుగో వారం, బుధవారం, మార్నింగ్ షో. హాల్లో ఇరవై మంది కూడా లేరు. మూల సీట్లో మాస్కు కట్టుకుని నేను, పక్కన మా అవ్వ. జగిత్యాల హాల్లో నలభై మూడేళ్ల కింద ఏడ్చిన మనిషి, ఇప్పుడు పిల్లగాడు ఎగిరినప్పుడల్లా చప్పట్లు కొట్టింది. ఇంటర్వెల్‌లో లైట్లు వెలిగితే ముందు వరసలో ఓ చిన్నపిల్ల వెనక్కి తిరిగి మమ్మల్ని చాలాసేపు చూసింది. అవ్వ జుట్టు, నా జుట్టు రెండూ చెవులదాకానే ఉన్నాయి.

ఆ మర్నాడు పొద్దున్నే, జనం రాకముందు, ఇద్దరం మెల్లగా గుట్టెక్కాం. మెట్టుమెట్టుకూ ఆగాను. అవ్వ తొందరపెట్టలేదు.

మొన్నటి పిక్చర్‌లో తెల్లకణాలు 4,200. క్యాలెండర్ మీద ఎర్రగీతలు లేవు. మూడు నెలల తర్వాత తేదీ దగ్గర మటుకు మా బిడ్డ చిన్న చుక్క పెట్టింది.